మంచు కందకంలో పాట

మా ఆవిడ ఉలీతా నా వీపు మీద పదకొండు గాజు గిన్నెలు అతికించిన రోజు నాకు జ్వరం లేదు.

ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. జబ్బును బయటికి లాగడానికి ఆమె ఒక పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి వెలిగించి, ఆ మంటను గిన్నెలో ఒక్కసారి తిప్పి తీసి, గిన్నెను చటుక్కున వీపు మీద బోర్లించేది. చర్మం ఉబ్బి గాజును పట్టుకునేది. ఇటుకల పొయ్యి మీది పడకలోంచి మా మామ హరాసీం తల కిందికి వేలాడేసి చూస్తున్నాడు.

“ఏం పండిందే అమ్మాయ్ నీ మొగుడి వీపు! బీట్‌రూట్ మడిలా ఉంది,” అన్నాడు.

“నువ్వూరుకో నాన్నా. నికాందర్, కదలకు. ఊడి పడితే పగుల్తాయి. ఇవి పక్కింటివాళ్లవి.”

“ఎంత నలుపు తేలితే లోపల అంత జబ్బున్నట్టు. ఆ ఎడమ పక్కది చూడు, బొగ్గే. చచ్చిపోయేవాడే, నువ్వు కాపాడావు.”

ఆమె నవ్వింది. నేను దిండులో మొహం దాచుకున్నాను.

గిన్నెలు పెట్టించుకున్నవాడు మూడు రోజులు గడప దాటకూడదు. ఆ మచ్చల్లోంచి చలిగాలి నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుందని మా వైపు అందరి నమ్మకం. నాకు కావలసింది ఆ మూడు రోజులే.

నాది జుబ్రులకు మేత వేసే పని. మా అడవిలో తిరిగే ఆ పెద్ద దున్నల మందకు, చలికాలమంతా, రోజూ పొద్దున మంచుబండి నిండా ఎండుగడ్డి తీసుకెళ్లి అడవి మధ్యనున్న బయలులో పరిచి రావాలి. రెండేళ్ల క్రితం వరకు నేను హైనూఫ్కా పట్నంలో కలప కోతమిల్లులో ఉండేవాణ్ణి. మా మామ అటక మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాక ఇరవై ఏళ్లుగా ఆయన చేసిన ఈ పని నాకు వచ్చింది.

పని అప్పగించేటప్పుడు ఆయన చెప్పింది ఒక్కటే మాట. “అక్కడ నోరు తెరవకు. గుర్రంతో కూడా మాట్లాడకు. గడ్డి వెయ్యి, తిరిగి రా.”

“ఎందుకు మామయ్యా?”

“నేను తెరవలేదు కాబట్టి.”

ముసలివాడి మూఢనమ్మకం అనుకున్నాను. బయలుదేరేటప్పుడు ఎడమ చెప్పు ముందు తొడుక్కునేవాళ్లు ఉంటారు, అలాంటిదే ఇదీ అనుకున్నాను.

పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిది జనవరి ఒకటిన మొదలైన మంచు వారం రోజులు ఆగలేదు. తర్వాత ఒకరోజు వాన. ఆ తర్వాత మళ్లీ గడ్డకట్టే చలి. మంచు మీద గాజులాంటి గట్టి పొర కట్టింది. టెలిఫోను తీగలు తెగి చెట్లకు వేలాడాయి. మా తొమ్మిది ఇళ్లకీ బయటి లోకానికీ మధ్య ఒక్కటే దారి మిగిలింది. అది నా మంచుబండి రోజూ తొక్కిన దారి. పల్లె చివర గడ్డికొట్టం దగ్గర మొదలై అడవిలోకి పోతుంది. రెండు కిలోమీటర్ల తర్వాత చీలుతుంది. ఎడమకు పోతే జుబ్రుల బయలు. కుడికి పోతే తారురోడ్డు. మంగళవారం, శుక్రవారం రొట్టెల లారీ అక్కడికి వస్తుంది. దారికి రెండు పక్కలా మంచు ఛాతీ ఎత్తున గోడల్లా నిలబడి ఉండేది. దారి అనకూడదు, కందకం అనాలి.

జుబ్రుల దారులూ అలాంటివే. మంచు మోకాళ్లు దాటితే వాటి నడక తగ్గుతుంది. పొట్టకు తగిలితే ఆగిపోతుంది. ఆ గట్టి పొర వాటి కాళ్ల చర్మాన్ని కత్తిలా కోస్తుంది. అందుకని ముందొక ముసలి ఆవు రొమ్ముతో మంచును చీల్చుకుంటూ పోతే, వెనక వచ్చేవన్నీ దాని అడుగుల గుంతల్లోనే కాళ్లు పెడతాయి. ఇరవై జంతువులు నడిచాయా, ఒక్క జంతువు నడిచిందా అన్నది అడుగులు చూసి చెప్పలేం. అలా ఒకసారి ఏర్పడిన దారిని వదిలి అవి పక్కకు అడుగెయ్యవు. ఎదురుగా ఏమున్నా తప్పుకోవు. తప్పుకునే చోటు వాటికి లేదు. మా మందను నడిపే ముసలిదానికి ఎడమ కొమ్ము కంటి మీదికి వంగి ఉంటుంది. దాన్ని ‘వంకర’ అంటాం.

నాకు భయం పట్టుకున్నది కిందటి ఏడు. నేను వంగి గడ్డి పరుస్తుంటే మెడ మీద వేడిగా ఏదో తగిలింది. తిరిగి చూస్తే ఒక కోడె. దాని ముక్కు నా చెవి దగ్గర ఉంది. అది ఏమీ చేయలేదు. ఒకసారి ఊపిరి వదిలి గడ్డివైపు పోయింది. అంతే జరిగింది. కానీ ఆ రోజు నుంచి నాలో ఒకడు అటే చూస్తూ కూర్చున్నాడు. నేను తింటున్నా, కట్టెలు కొడుతున్నా, ఉలీతా పక్కన పడుకున్నా వాడు మాత్రం వీపు వెనకే చూస్తుండేవాడు.

వాణ్ణి నిద్రపుచ్చడానికి నాకు దొరికింది పాట. బంగాళాదుంపలు ఒలిచేటప్పుడు ఉలీతా పాడుకునే పాట అది. నాకు సగమే వచ్చు. ఆ సగాన్నే మళ్లీ మళ్లీ గట్టిగా పాడుతూ బండి తోలేవాణ్ణి, పాడుతూ గడ్డి వేసేవాణ్ణి. నా గొంతు నాకు వినిపిస్తున్నంతసేపూ నేను ఉన్నట్టు అనిపించేది. మామ మాట గుర్తొచ్చేది కాదని కాదు. గుర్తొచ్చినా లెక్కచేయలేదు. చూసేవాళ్లు ఎవరున్నారు?

ఈ జనవరిలో మరోటి మొదలైంది. మామూలుగా నేను గడ్డి వేసి వెళ్లిపోయేదాకా మంద బయలు అవతలి అంచున నిలబడేది. మంచు పెరిగాక ఒకరోజు అవి ఇవతలి అంచున కనిపించాయి. రెండు రోజుల తర్వాత పడిపోయిన ఓక్ చెట్టు దగ్గర. చర్చిలో నీళ్లు దీవించే యోర్దాన్ పండుగ మర్నాడు దారి చీలేచోట నాకు ఎదురొచ్చాయి. వంకర నా గుర్రం బూర్కా మూతికి మూడడుగుల దూరంలో నిలబడింది. బూర్కా ఒళ్లంతా వణికింది. నేను గడ్డి అక్కడే తోసేసి, బండి ఎలా తిప్పానో తెలియకుండా తిప్పి, ఇంటికొచ్చి పడ్డాను. వాటికి నా భయం వాసన తెలిసిపోయింది, నాకోసమే వస్తున్నాయి అనుకున్నాను. ఎంత గట్టిగా పాడితే అంత దగ్గరికొచ్చాయన్నది మాత్రం నాకు తట్టలేదు. భయపడ్డవాడు తన గురించి తప్ప ఆలోచించడు.

మర్నాడు పొద్దున లేవలేదు. ఒళ్లు కాలిపోతోందన్నాను.

“మరి మేతో?” అంది ఉలీతా.

“రెండు రోజులకేం కాదు. చెట్ల బెరడు తింటాయి.”

మూడో రోజు మంగళవారం, లారీ వచ్చే రోజు. ఇంట్లో రొట్టె అయిపోయింది. పక్క రెండిళ్లలోనూ లేదు. ఉలీతా నా ఉన్ని బూట్లు తొడుక్కుంది, ఆకుపచ్చ తలగుడ్డ గడ్డం కింద బిగించింది, కట్టెలు లాగే చిన్న మంచుబండికి తాడు కట్టింది.

“నేను వెళ్తానులే,” అన్నాను, లేవకుండానే.

“వీపు మీద అన్ని మచ్చలేసుకునా? పడుకో. క్యాబేజీ పులుసు పొయ్యి మీదుంది, నాన్నకు పెట్టు. ఆయనకి ఎక్కువ పెట్టకు, తర్వాత రాత్రంతా నా ప్రాణం తీస్తాడు.”

“విన్నాలే,” అన్నాడు మామ పైనుంచి.

ఆమె తలుపు దగ్గర ఆగింది. “అవి దారి మీదికి రావుగా?”

అప్పుడు నిజం చెప్పి ఉండాల్సింది. దారి చీలేచోటికి వచ్చాయి, వెళ్లకు అనాలి. కానీ అది చెబితే నేను ఎందుకు మంచం పట్టానో కూడా చెప్పినట్టే. ఒక్క క్షణం ఆ రెంటినీ తూచాను.

“రావు,” అన్నాను. “అయినా పాడుకుంటూ వెళ్లు. మనిషి గొంతు వింటే తప్పుకుంటాయి.”

“నా గొంతు వింటే నువ్వే తప్పుకుంటావు, అవెంత,” అని నవ్వి వెళ్లింది.

కాసేపటికి గడ్డికొట్టం దాటి ఆమె పాట వినిపించింది, తర్వాత వినిపించలేదు.

మామకు పులుసు పెట్టాను. ఆయన చెంచా నాకి, నన్ను కాసేపు చూశాడు.

“నిద్రలో గొణుగుతున్నావయ్యా అల్లుడూ. ఆ పాట. అది మా ఆవిడ పాట, మీ అత్తది. నీకెక్కడిది?”

“ఉలీతా పాడుతుంది కదా. పనిలో నాకూ నోట్లో ఆడుతుంటుంది.”

“ఏ పనిలో?”

నేను పులుసు గిన్నె తీసి పక్కన పెట్టాను.

“ఏ పనిలో అని అడిగాను.”

“మేత వేసేటప్పుడు. ఊరికే. కొంచెం.”

మామ చెంచా దుప్పటి మీద పెట్టేశాడు. ఆయన ఎప్పుడూ ఎగతాళిగా ఉండే మొహం ఖాళీ అయిపోయింది.

“రోజూనా?”

“రోజూ.”

“నాకు ముందు ఈ పని చేసినవాడు కేకేసి పిలిచేవాడు,” అన్నాడు. “కేక వింటే గడ్డి అని వాటికి అలవాటైంది. ఓ చలికాలం ఇలాగే మంచు. పెళ్లివాళ్లు బండి కట్టుకుని పాడుకుంటూ పోతున్నారు. మంద వెనక పడింది. వాటికేం కోపం లేదు, గడ్డి అడగటానికి వచ్చాయి. బండి మంచులో ఇరుక్కుని కదల్లేదు, అవి ఆగలేదు. గుర్రం పొట్ట చీలింది. పెళ్లికూతురి తమ్ముడు బండి కింద నలిగాడు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నోరు తెరవకు అన్నాను. ఇంకెట్లా చెప్తారు?”

నేను చొక్కా వెతుకుతున్నాను. అది నా చేతిలోనే ఉంది.

“అదెళ్లి రెండు గంటలైంది,” అన్నాడు. “పాడుతూ పోయింది. నేను విన్నాను. ఒరేయ్, నువ్వేమైనా చెప్పావా దానికి పాడమని?”

నేను తల వంచుకుని ఆయన బూట్లలో కాళ్లు దూర్చాను. ఆయనకు అర్థమైంది. విరిగిన తుంటితో పొయ్యి మీద లేచి కూర్చోబోయి, గోడ పట్టుకుని, “అరవకు!” అన్నాడు. “దాని పేరు పెట్టి పిలిచావంటే చంపినవాడివవుతావు. వింటున్నావా? నోరు మూసుకుని పో!”

బూర్కాను కట్టలేదు. బండి కందకానికి అడ్డం పడితే ఎవరికీ దారి ఉండదు. నడిచే వెళ్లాను. నడక కాదు అది. మామ పాత బూట్లు నాకు పెద్దవి, రెండడుగులకోసారి ఊడేవి. మధ్యాహ్నం వెలుతురు మంచు మీద పడి కళ్లు పొడుస్తోంది. గడ్డికొట్టం దాటాక రెండు పక్కలా తెల్లటి గోడలు మొదలయ్యాయి. వాటి మధ్య ఆకాశం ఒక పట్టీలా ఉంది. దేవదారు కొమ్మ మీంచి మంచు జారిపడితే ఆగి వినేవాణ్ణి. మళ్లీ నిశ్శబ్దం. నా ఊపిరి నాకే పెద్ద చప్పుడుగా ఉంది, దాన్ని కూడా మింగాలని చూశాను.

నా నోట్లో ఆమె పేరు ఉంది. దాన్ని పళ్లతో పట్టుకున్నాను.

అర కిలోమీటరు వచ్చానేమో, పాట వినిపించింది. మొదట సంతోషం కలిగింది, పాడుతోంది కాబట్టి బతికే ఉంది. మరుక్షణం ఆ సంతోషమే భయమైంది, పాడుతోంది కాబట్టి.

మలుపులో ఆకుపచ్చ తలగుడ్డ కనిపించింది. ఉలీతా తాడు భుజాన వేసుకుని, ముందుకు వంగి, వేగంగా వస్తోంది. వెనక చిన్న బండి మీద రెండు గోనెల నల్లరొట్టె. ఆమె గొంతు మామూలుగా లేదు. పగిలిపోతోంది. మాటల మధ్య ఊపిరి పీల్చుకుంటూ, మళ్లీ ఎత్తుకుంటూ, అరుస్తున్నట్టే పాడుతోంది. ఆమె వెనక ఇరవై అడుగుల్లో కందకం నిండా గోధుమరంగు. వంకర తల దించుకుని వస్తోంది. మూతి చుట్టూ ఆవిరి. దాని వెనక మరో మూపు, దాని వెనక ఇంకొకటి. మలుపు దాకా ఎనిమిది లెక్కపెట్టాను. మలుపు అవతల ఎన్నో తెలియదు. అవి పరుగెత్తడం లేదు. తొందరే లేదు వాటికి. మూడు రోజుల ఆకలి, ముందు గడ్డి పాట.

నన్ను చూసి ఉలీతా మొహం వెలిగింది. ఆ వెలుగును నేను చచ్చేదాకా మరిచిపోను. నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను చూడు అన్నట్టు, ఇంకా గట్టిగా ఎత్తుకుంది.

నేను పెదాల మీద వేలు పెట్టుకున్నాను. ఆమెకు అర్థం కాలేదు. తల అడ్డంగా ఊపాను. రెండు చేతులతో నోరు మూసుకున్నాను. ఇంట్లో తండ్రికి ఏదో అయిందనుకుంది కాబోలు, పాట చటుక్కున ఆగిపోయింది.

వంకర కూడా ఆగింది.

వెనకదాని తల దాని తొడకు తగిలింది. దాని వెనకదీ అలాగే. వరస మొత్తం ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ బిగుసుకోవడం వినిపించింది. నేను ఉలీతా దగ్గరికి చేరాను. ఆమె కనుపాపలు పెద్దవై ఉన్నాయి.

“నీకు జ్వరం...” అంది గుసగుసగా.

“మాట్లాడకు.”

మంచుగోడలో కాలితో రెండు గుంతలు తన్నాను. ఆమె నడుము పట్టుకుని పైకి తోశాను. గట్టి పొర మీద మోకాలు పెట్టగానే విరిగి, ఆమె తొడల దాకా దిగిపోయింది. మళ్లీ తోశాను. “బోర్లా పడుకో. పాకు,” అన్నాను ఆమె చెవిలో. ఆమె చేతులు చాచి పడుకుంది. పొర ఈసారి ఆగింది. కందకం అంచు నుంచి ఒక చేతి దూరం పాకగలిగింది, అంతే. ఆ గుంతల్లో నేను కాలు పెట్టాను. అవి కూలిపోయాయి.

తిరిగి చూసేసరికి వంకర చిన్న బండి దగ్గర ఉంది. గోనె వాసన చూసింది. వంగిన కొమ్మును గోనె కింద పెట్టి తల ఒక్కసారి విదిలించింది. పాతిక రొట్టెల గోనె దూదిమూటలా లేచి, ఉలీతా పడుకున్నచోటికి అవతల పడింది. బండి రెండు ముక్కలైంది. వెనకనున్న కోడె గోనె పడినవైపు తల తిప్పింది. మంచు మీద ఆకుపచ్చ గుడ్డ దానికి కనిపించింది. ముందుకాలు ఒకటి ఎత్తి మంచుగోడ మీద పెట్టింది. గోడ పెళపెళమంది.

నేను పాడటం మొదలుపెట్టాను.

మొదట గాలి వచ్చింది, గొంతు రాలేదు. తర్వాత ఒక పిల్లిపిల్ల అరుపులాంటిది వచ్చింది. కోడె చెవి ఇటు తిరిగింది. తర్వాత పాట వచ్చింది. దానికి వెన్ను చూపించి, పల్లెవైపు నడిచాను. వెనక, అడుగు పడిన చప్పుడు. బరువైన, మెత్తని అడుగు. ఇంకొకటి. కాళ్లు వెచ్చగా తడిశాయి. అదేమిటో నాకు తెలుసు. సిగ్గుపడే తీరిక లేదు.

పరుగెత్తితే పాట తెగుతుంది. పాట తెగితే అవి ఆగుతాయి, ఉలీతా పక్కన ఆగుతాయి. అన్నీ ఆమెను దాటేదాకా నేను నడవాలి, పాడాలి. నాకొచ్చిన సగం పాట అయిపోయింది. మళ్లీ మొదలుపెట్టాను. అందులోనూ సగం మరిచిపోయాను. చివరికి ఒక్క చరణమే మిగిలింది. దాన్నే ఎన్నిసార్లు పాడానో తెలియదు. మాటలకు అర్థం పోయింది. అవి నా నోట్లోంచి వస్తున్నాయా, వెనకనుంచి ఎవరైనా పాడుతున్నారా అన్న అనుమానం వచ్చింది. ఏడాదిగా వీపు వెనక్కి చూస్తూ కూర్చున్నవాడు ఇప్పుడు కళ్లు మూసుకున్నాడు. వాడిచోట నేనున్నాను. అది ధైర్యం అని ఎవరైనా అంటే ఒప్పుకోను. అంత భయం నేను ఎప్పుడూ పడలేదు.

గడ్డికొట్టం కనిపించినచోట వంకర మూతి నా వీపుకు తగిలింది. సరిగ్గా గిన్నెలు పెట్టినచోట. ఆ ఊపిరి కోటులోంచి, చొక్కాలోంచి ఒక్కో మచ్చనూ విడివిడిగా వెతుక్కుంటూ లోపలికి వచ్చింది.

కొట్టం తలుపు అడ్డకర్ర గడ్డకట్టి ఉంది. చెక్కకు మొహం ఆనించి, చెక్కలోకి పాడుతూ, పిడికిలితో కొట్టి దాన్ని ఊడదీశాను. నిచ్చెన ఎక్కాను. పంగలకర్రతో గడ్డి కిందికి తోశాను, మోపుల మీద మోపులు, కొట్టం ముందున్న ఖాళీ నిండేదాకా. అప్పుడు పాట ఆపాను. కింద నమిలే చప్పుడు తప్ప ఏమీ లేదు.

మేత వేసేవాడికి లెక్కపెట్టడం ఊపిరిలాంటిది. లెక్కపెట్టాను. ఇరవై మూడు. మళ్లీ లెక్కపెట్టాను. మా మంద ఇరవై నాలుగు.

ఒకటి రాలేదు.

కందకం నిండా తోకలు, తొడలు. అటు పోవడానికి లేదు. కొట్టం వెనకనుంచి దూకి, అడవి అంచున మంచు మీద పడి పాకాను, లేచాను, దిగబడ్డాను. గట్టి పొర పిక్కలను కోసింది. జుబ్రులు ఎందుకు దారి వదలవో నా కాళ్లకు తెలిసింది. కిలోమీటరులో సగం అలా పోయాను. ఉలీతా అని అరవాలని ప్రతి అడుగులోనూ అనిపించింది. అరిస్తే ఇరవై మూడు తలలు లేస్తాయి. ఆమె బతికుందా అని అడిగే వీలు కూడా నాకు లేదు.

ఆకుపచ్చ గుడ్డ ఆమె తలమీద లేదు. ఆమె బోర్లా, కదలకుండా పడి ఉంది. పక్కన కందకంలో పోయినేటి దూడ ఒకటి నిలబడి, మెడ చాచి, ఆమె విప్పారిన జుట్టును వాసన చూస్తోంది. కాళ్లు నెత్తురు కారుతున్నాయి దానికి. అందుకే వెనకబడింది. నన్ను చూసి తల వెనక్కి తీసుకుంది. కాసేపు మేం ఒకరినొకరు చూసుకున్నాం. తర్వాత అది కుంటుకుంటూ తల్లి పోయిన దారిన పోయింది.

నేను ఆమెను తిప్పాను. తలగుడ్డంతా ఆమె నోట్లో ఉంది. చప్పుడు రాకుండా తానే కుక్కుకుంది. కళ్లు తెరిచి ఉన్నాయి. రెప్పవేసింది.

గుడ్డ బయటికి తీయడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆమె దవడలు వదల్లేదు.

పెద్ద చుట్టు తిరిగి, పక్కింటివాళ్ల పెరట్లోంచి ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. మామ పొయ్యి మీంచి కిందికి దిగిపోయి, నేలమీద, తలుపుకు ఆనుకుని కూర్చున్నాడు. అలా ఎలా దిగాడో ఇప్పటికీ తెలియదు. ఉలీతా చెయ్యి పట్టుకుని, ఆమె వేళ్లు ఒక్కొక్కటిగా తడిమి చూశాడు. “రొట్టె?” అన్నాడు.

“వాటికి పెట్టొచ్చాను నాన్నా,” అంది.

మామ నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

ఉలీతా నావైపు తిరిగింది. అరచెయ్యి నా నుదుటి మీద పెట్టింది. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టింది.

“ఎప్పటి నుంచి లేదు?”

“మొదటి నుంచీ లేదు.”

“అవి దారి మీదికి వస్తున్నాయని తెలుసా?”

“తెలుసు.”

ఆమె పొయ్యి దగ్గరికి బెంచీ లాగింది. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, చొక్కా విప్పించి, వీపుకు బాతుకొవ్వు రాసింది. ఒక్కో మచ్చ దగ్గర ఆమె వేలు ఆగేది. పదకొండు చోట్ల ఆగింది. తిట్టినా బాగుండేది.

ఆ రోజు నుంచి మంద పల్లె అంచునే ఉండిపోయింది. మా తొమ్మిది ఇళ్లలో ఎవరూ బయట గొంతెత్తడం లేదు. కుక్కలను ఇళ్లలో కట్టేశారు. బావి దగ్గర ఆడవాళ్లు కళ్లతోనే మాట్లాడుకుంటున్నారు. ఎవరైనా నన్ను చూస్తే మాట ఉన్నా మింగి పోతున్నారు. రోజూ పొద్దున నోరు మూసుకుని బయలుకు గడ్డి తీసుకెళ్తున్నాను. అవి వెనక్కి పోవాలంటే అదొక్కటే దారి అని మామ అన్నాడు, మంచు కరిగేదాకా పడుతుందని కూడా అన్నాడు. ఉలీతా నాతో వస్తుంది, రావద్దన్నా వినదు. బండి మీద నా వీపుకు వీపు ఆనించి కూర్చుంటుంది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒక్క మాట ఉండదు. ఆమె వెనక్కి చూస్తోందో, కళ్లు మూసుకుందో నాకు తెలియదు.

నిన్న మధ్యాహ్నం ఆమె కిటికీ దగ్గర కూర్చుని బంగాళాదుంపలు ఒలుస్తోంది. నేను పగ్గాలు కుడుతున్నాను. మామ కునుకు తీస్తున్నాడు. పొయ్యిలో కట్టె చిటపటలాడుతోంది. ఇల్లు ఎప్పటిలాగే ఉంది అనిపించింది ఒక్క క్షణం. ఎందుకలా అనిపించిందో ముందు తెలియలేదు. తర్వాత తెలిసింది. ఆమె తనకు తెలియకుండానే ఆ పాట కూనిరాగం తీస్తోంది.

నేను తలెత్తాను. ఆమె చేతిలో కత్తి ఆగింది. మామ కళ్లు తెరిచాడు.

ముగ్గురం కిటికీవైపు చూశాం. అద్దం నిండా మంచు పువ్వులు పూసి ఉన్నాయి, బయట ఏమీ కనిపించదు. ఆ పువ్వుల మధ్య, అవతలి నుంచి, ఒక మచ్చ గుండ్రంగా కరగడం మొదలైంది.